తుప్పు మచ్చల వరి నుంచి సురపాలుడి కుండ దాకా

జియాగూడ గొర్రెల మండీలో చీకటి విడవకముందే బేరాలు మొదలవుతాయి. ఎండెక్కే వేళకి ఆ కూర పురానాపూల్ మీదుగా మూసీ దాటి పాతబస్తీ గల్లీల్లోకి వచ్చేస్తుంది. హుస్సేనీ ఆలం, షాలిబండ, మొగల్‌పురా... ఆదివారం పూట ఏ గల్లీలో చూసినా కసాయి దుకాణం ముందు జనమే. ఇంటికి తెచ్చిన కూరని రెండు మూడు నీళ్లతో కడుగుతారు. ఎర్రగా పలచబడ్డ ఆ నీళ్ల బకెట్ పట్టుకుని కోడలు మోరీ వైపు నడిచిందో, అత్తగారి గొంతు లేస్తుంది.

"మోరీల పొయ్యకు బేటీ! గులాబ్ కుండీల పొయ్యి."

ఈ అత్తాకోడళ్లు ఏ ఒక్క ఇంటివాళ్లూ కారు. తెలుగు పెరళ్లలో ఇదే మాట ఇంకో రకంగా వినిపిస్తుంది. చేపలు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకి, బియ్యం కడిగిన కుడితి మల్లెపాదుకి, పులిసిన మజ్జిగ మళ్లీ కరివేపాకుకే. అలా పోస్తే పువ్వు గుత్తులుగా వస్తుందని, ఆకు ఘాటెక్కుతుందని నమ్మకం. ఎవరు నేర్పారంటే అమ్మ, అమ్మకి వాళ్లమ్మ.

ఈ బకెట్ నీళ్లకి ఒక సంస్కృత గ్రంథంలో పెద్దన్నలాంటి విధానం ఉంది. సుమారు వెయ్యేళ్ల నాటిది. ఆ గ్రంథం ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటే, దాన్ని హైదరాబాద్‌కి తెప్పించి, చదివించి, అచ్చు వేయించిన మనిషి మఠాధిపతీ కాదు, సంప్రదాయ పండితుడూ కాదు. వరి ఆకుల మీద తుప్పు మచ్చలకి కారణం పట్టుకుని పేరు తెచ్చుకున్న తెగుళ్ల శాస్త్రవేత్త. ఈ కథలో పేర్లు, సంవత్సరాలు, ఫలితాలు నమోదై ఉన్నవే. ఆ మనుషుల మనసులో ఏం మెదిలిందన్నది మాత్రం వాళ్లు చేసిన పనిని బట్టి మనం పోల్చుకోవలసిందే.

*

1960ల నడుమ. హిమాలయాల పాదాల దగ్గర తరాయి ప్రాంతం. అడవి కొట్టి, చిత్తడిని ఎండగట్టి సాగులోకి తెచ్చిన నేల. అక్కడ 1960లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైంది. ఆకులలములు కుళ్లి తయారైన మట్టి, కావలసినంత నీరు. ఇక్కడ వరి పండకపోతే ఇంకెక్కడ పండుతుంది అనుకునే చోట, నాటిన రెండు మూడు వారాలకే పైరు గిడసబారింది. ముందు ఆకు మొదట్లో పాలిపోవడం, తరవాత మచ్చలు. ఆ మచ్చలన్నీ కలిసిపోయి ఆకంతా పాన్ మీద పూసే కత్తా రంగుకి తిరగడం. పిలకలు రావు, వేళ్లు సాగవు. రైతులు దాన్ని 'ఖైరా' అన్నారు. అది రోగమన్నదే అందరి మాటా.

ఆ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న యశ్వంత్ లక్ష్మణ్ నెనెకి అప్పటికి ముప్పైకి అటూ ఇటూ వయసు. గ్వాలియర్‌లో పుట్టిన మరాఠీ. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నవాడు. తెగుళ్ల శాస్త్రం చదివినవాడి కళ్లు ఆకు మీద మచ్చ కనిపిస్తే దేనికోసం వెతుకుతాయో చెప్పనక్కర్లేదు. బూజు ఉందా? బాక్టీరియా ఉందా? వైరస్సా, నులిపురుగా? ఎవరో ఒక దోషి ఉండే తీరాలి.

దోషి లేడు. మొక్కను ఏదీ తినడం లేదు, మొక్కకే తిండి సరిగా అందడం లేదు.

తెగుళ్ల శాస్త్రవేత్తకి ఈ సంగతి ఒప్పుకోవడం మనం అనుకున్నంత తేలిక కాదేమో. వెతకడానికి వచ్చిన శత్రువే లేడంటే తన శాస్త్రానికి అక్కడ పని లేదన్నమాటే కదా. ఆయన ఆ అహాన్ని పక్కన పెట్టి జింక్ సల్ఫేట్ ద్రావణం కొట్టి చూశాడు. తుప్పు రంగు పైరు మళ్లీ పచ్చబడింది. ఖైరా అంటే వరిలో జింకు లోపమేనని 1966లో ఆయన ప్రకటించాడు.

మందు కొలత కూడా అప్పుడే స్థిరపడింది. హెక్టారుకి 5 కిలోల జింక్ సల్ఫేట్, 2.5 కిలోల తడిపిన సున్నం, వెయ్యి లీటర్ల నీళ్లు. సున్నం ఎందుకంటే జింక్ సల్ఫేట్ ద్రావణం పుల్లనిది, ఒట్టిగా కొడితే ఆకు మాడుతుంది. ఆ 5 కిలోల్లో అసలు జింకు కిలోకి కాస్త ఎక్కువ, అంతే. రెండున్నర ఎకరాల పొలం చావుబతుకులు అంత చిన్న తూకం మీద తేలాయి. నేలలో జింకు బొత్తిగా లేదనీ కాదు. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో, నీళ్లు నిలిచిన మడుల్లో అది మట్టిని అంటిపెట్టుకుని ఉండిపోతుంది. వేరు ముందే ఉన్నా నోటికి రాదు. జింకు అందకపోతే మొక్కలో ఎదుగుదల హార్మోన్ తయారు కాదు, మాంసకృత్తులు కట్టవు, పైరు కురచబడుతుంది.

తెలుగు రైతుకి ఇప్పుడిది పాత సంగతే. ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోలు వేయడం, పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం, భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయకపోవడం... రైతు సేవా కేంద్రంలో కుర్రాడు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. 'జింకు' అన్న మాట మన ఎరువుల కొట్ల గోడల మీదికి ఎక్కడం వెనక పంత్‌నగర్ పొలం ఉంది.

చిత్రం చూడండి, సరిగ్గా ఆ కాలంలోనే మనుషుల్లోనూ జింకు లోపం బయటపడింది. ఆనంద ప్రసాద్ అనే భారతీయ వైద్యుడు ఇరాన్‌లోని షిరాజ్‌లో, తరవాత ఈజిప్టులో ఎదుగుదల ఆగిపోయిన యువకులను పరీక్షించి 1960ల మొదట్లో ఆ సంగతి రాశాడు. మొక్క కురచబడినా మనిషి కురచబడినా వెనక ఒకే లోహం కొరత ఉండొచ్చన్నమాట.

*

తరవాతి ఇరవై ఏళ్ల కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1974లో నెనె పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కి వచ్చాడు. కంది, శనగ పంటల తెగుళ్లు ఆయన విభాగం. ఎండు తెగులు, వెర్రి తెగులు తట్టుకునే రకాల వేట. 1989లో సంస్థ ఉప డైరెక్టర్ జనరల్ అయ్యాడు. గౌరవంగా రిటైరై, మనవలతో కాలక్షేపం చేసినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆయన 1994లో సికింద్రాబాద్‌లో ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ పెట్టాడు. ఈ ఖండంలో వ్యవసాయం గురించి పూర్వులు ఏం రాశారో వెతికి, చదివి, అందరికీ అర్థమయ్యేలా అచ్చు వేయడం దాని పని. మొదట చేతికి తీసుకున్నది సురపాలుడి వృక్షాయుర్వేదం. సురపాలుడు భీమపాలుడనే రాజు కొలువులోని వైద్యుడు. ఆయన గ్రంథం పేరు పండితులకి తెలుసు గానీ చేతిలోకి తీసుకుని చదువుదామంటే ప్రతి కావాలి కదా. అది ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. నకలు హైదరాబాద్ చేరింది. పాత నాగరి లిపి.

ఇక్కడ నళిని సాధలే కథలోకి వస్తారు. ఉస్మానియాలో సంస్కృతం చెప్పిన ఆచార్యురాలు. 325 శ్లోకాలు. ఛందస్సు ఆమెకి తెలుసు, వ్యాకరణం తెలుసు. శ్లోకంలో వచ్చే మొక్క ఏదో, దాని జబ్బు ఏదో నెనెకి తెలుసు. ఇద్దరిలో ఏ ఒక్కరు ఒంటరిగా కూర్చున్నా ఆ పుస్తకం తేలేది కాదు. ఆ బల్ల దగ్గరి సంభాషణలు ఎవరూ రాసి పెట్టలేదు. కానీ అనువాదం కింద నెనె రాసిన వ్యాఖ్యానం చదివితే ఆ మాటల చప్పుడు వినిపిస్తుంది. ఆమె ఒక పదానికి అర్థం చెప్పి ఉంటుంది, ఆయన కిటికీలోంచి ఏదో చెట్టును చూసి "అయితే అది ఈ తెగులే అయి ఉండాలి" అని ఉంటాడు. 1996లో ఆ పుస్తకం ఫౌండేషన్ తొలి ప్రచురణగా వచ్చింది.

అందులో ఏముంది? చెట్టు నాటే నేల ఎలా ఉండాలి, విత్తనాన్ని పాలలో నానబెట్టి, పేడ పట్టించి, వాయువిడంగాల పొగ ఎలా వేయాలి, ఎంత దూరంలో నాటాలి, ఎప్పుడు నీళ్లు పోయాలి. తరవాత చెట్ల జబ్బులు. వాటికీ వాతం, పిత్తం, కఫం ఉంటాయంటాడు సురపాలుడు. బ్రతుకంతా సూక్ష్మదర్శిని కింద బూజు తంతులు చూసిన మనిషికి ఇక్కడ నవ్వు రావాలి. నెనె నవ్వి ఊరుకోలేదు. కారణం పేరు ఎలా ఉన్నా, లక్షణాల వర్ణన మాత్రం తోటలో నిలబడి కళ్లారా చూసినవాడిదని పట్టుకున్నాడు.

అన్నీ అలా పట్టుకోదగ్గవి కావనుకోండి. అందగత్తె కాలితో తాకితే అశోకం పూస్తుందని మన ప్రబంధ కవులు మురిసిపోయిన ముచ్చట సురపాలుడిలోనూ ఉంది. కాలం కాని కాలంలో పూయించడం, గింజ లేని కాయ కాయించడం వంటి వింతలకి ఒక ప్రకరణమే ఉంది. వాటిని యథాతథంగా నమ్మి తోటలో దిగితే నష్టపోయేది మనమే.

కానీ మొక్కల పోషణ ప్రకరణంలో ఒక కుండ ఉంది. మిగతా పుస్తకం మరిచిపోయినవాళ్లు కూడా దాన్ని మరిచిపోలేదు.

*

కుణపజలం. విధానం ఇలా సాగుతుంది. అడవిపంది మాంసం, కొవ్వు, మూలుగ, మెదడు, రక్తం, పెంట. అది దొరక్కపోతే చేప. అదీ లేకపోతే పొట్టేలు, మేక, కొమ్ములున్న ఏ జంతువైనా, దొరికినంత. నీళ్లలో వేసి, ధాన్యపు ఊక దండిగా కలిపి బాగా ఉడికించాలి. చల్లారాక నూనె పట్టిన కుండలో పోయాలి. నువ్వుల చెక్క, తేనె, నానిన మినుములు, కాస్త నెయ్యి చేర్చాలి. వెచ్చగా ఉండే చోట పక్షం రోజులు మాగనివ్వాలి. ఆ తరవాత చెట్టు మొదట్లో పోయాలి. ఇంతింత అని కొలతల నియమం ఏమీ లేదని గ్రంథకర్తే అంటాడు.

వాసన సంగతి మీరే ఊహించుకోండి.

ఈ కుండని ఇప్పటి రసాయన శాస్త్రం కళ్లతో చూస్తే మాయ ఏమీ కనిపించదు, తెలివి మాత్రం చాలా కనిపిస్తుంది. రక్తంలో నత్రజని, ఇనుము. మాంసంలో, పెంటలో భాస్వరం. నువ్వుల చెక్కలో మళ్లీ నత్రజని. తేనె సూక్ష్మజీవులకి మేత. ఉడకబెట్టడంతో మాంసకృత్తుల గట్టి కట్టు సడలుతుంది. మాగబెట్టడంతో అవి ఇంకా చిన్న ముక్కలై అమైనో ఆమ్లాలుగా, అమ్మోనియాగా విడిపోతాయి. పచ్చి మాంసం ముక్కని చెట్టు మొదట్లో పాతిపెడితే చెట్టు దాన్ని తినలేదు, కుక్క తవ్వుకుపోతుంది. అదే ముక్క కుండలో పదిహేను రోజులు మాగితే వేరుకి నేరుగా అందుతుంది. పైగా అమైనో ఆమ్లాలకి జింకు, ఇనుము అణువులను చుట్టి పట్టుకునే గుణం ఉంది. మట్టికి అంటుకుపోయే లోహాన్ని వేరు దాకా చేర్చే మోతగాళ్లు అవి. పంత్‌నగర్ పొలంలో నేల నిండా ఉన్నది మొక్కకి అందకపోవడం చూసిన మనిషికి, ఈ కుండ మీద ఎందుకంత మనసు పోయిందో ఇక్కడ తెలుస్తుంది.

పాతబస్తీ బకెట్‌కీ ఈ కుండకీ మధ్య తేడా కూడా ఇదే. కూర కడిగిన నీళ్లలో రక్తం ఉంది, కొద్దిగా మాంసకృత్తులు ఉన్నాయి, మాగడం మాత్రం లేదు. ఆ పని కుండీలోని మట్టి చేయాలి. నీళ్లు పలచగా ఉండి, మట్టిలో జీవం ఉంటే చేస్తుంది. రోజూ పోస్తే, చిన్న కుండీలో పోస్తే వేరు కుళ్లుతుంది, ఈగలూ ఎలుకలూ చేరతాయి. ఉప్పు చేప కడిగిన నీళ్లయితే ఇంకా చేటు. డాబా మీద పెంచుకునే పుదీనా, కొత్తిమీరల ఆకుల మీద మాత్రం ఇలాంటివేవీ చల్లకూడదు. పచ్చిగా నోట్లో వేసుకునే ఆకు మీద పచ్చి మాంసపు నీళ్లంటే రోగాన్ని పిలిచి పీట వేసినట్టే. అత్తగారు గులాబీకే పొయ్యమనడంలో మంచి వివేకం ఉంది.

జియాగూడలో, బహదూర్‌పురా పక్కన రాంనాస్‌పురా కబేళాలో మిగిలే రక్తం, పేగులు, బొక్కలు చూస్తే సురపాలుడు ఏమనేవాడో! ఆయన జాబితాలో ఉన్నవన్నీ అక్కడ కుప్పగా దొరుకుతాయి. మనం వాటిని చెత్త అంటున్నాం. బక్రీద్ మూడు రోజులూ వాటిని ఎత్తిపోయడమే బల్దియాకి పెద్ద పని.

*

పాతబస్తీకి ఈ కథతో ఇంకో చుట్టరికం ఉంది. అది పర్షియన్ గుండా.

సురపాలుడి పుస్తకం వచ్చిన నాలుగేళ్లకి, 2000లో, ఫౌండేషన్ మరో గ్రంథం తెచ్చింది. 'నుస్ఖా దర్ ఫన్ని ఫలాహత్', సాగు కళ మీద 17వ శతాబ్దపు పర్షియన్ రచన. మొఘల్ రాకుమారుడు దారా షికో పేరు మీద చెలామణి అవుతుంది. ఆయనే స్వయంగా రాశాడా, ఆ కాలపు పెద్ద గ్రంథం నుంచి ఏరి కూర్చిందా అంటే రెండోదానికే పండితుల మొగ్గు. హైదరాబాద్ పర్షియన్ పండితురాలు రజియా అక్బర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో పర్షియన్ రాతప్రతులు పేరుకున్న ఊరు, జామియా నిజామియాలో ఆ చదువు ఇంకా సాగుతున్న ఊరు. అలాంటి పుస్తకం చదవగల మనిషి కావాలంటే ఇంకెక్కడికో వెళ్లనక్కర్లేదు.

దారాని 1659లో చంపించింది తమ్ముడు ఔరంగజేబు. 1687లో గోల్కొండ కోటని నెలల తరబడి ముట్టడించి పడగొట్టిందీ ఆయనే. తమ్ముడు గెలుచుకున్న నగరంలో మూడువందల ఏళ్ల తరవాత అన్న పేరున్న పుస్తకానికి కొత్త చదువరులు దొరికారు. చరిత్రకి ఇలాంటి చమత్కారాలు అప్పుడప్పుడు తోస్తుంటాయి.

ఆ వరసలోనే ఫౌండేషన్ కృషి పరాశరం, కన్నడంలో చావుండరాయడు 1025లో రాసిన లోకోపకారం కూడా తెచ్చింది. 1997 నుంచి ఒక పత్రిక నడిపింది. దాని పుటల్లో రైతులు, శాస్త్రవేత్తలు కుణపజలం వాడి చూసిన ఫలితాలు రాయసాగారు. మాంసం ముట్టని రైతుల కోసం నెనె, ఆయన సహచరులు కలుపు మొక్కలు, మొలకెత్తిన మినుములు, చెక్క, పేడ, ఆవు మూత్రం, బెల్లంతో మాగబెట్టే శాకాహార కుణపజలాన్ని ప్రచారంలోకి తెచ్చారు. మన ప్రకృతి వ్యవసాయ రైతుల జీవామృతం దీనికి దగ్గరి బంధువు. చేప, బెల్లం కలిపి మాగబెట్టే మీనామృతమైతే సొంత తమ్ముడు.

*

ఇక్కడ ఒక మాట తప్పదు. మొక్క గుబురుగా పెరగడం వేరు, దానిలో మనకి మేలు చేసే పదార్థాలు పెరగడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే సగం ప్రకటనలు అమ్ముడవుతున్నాయి. నత్రజని దండిగా పడిన మొక్క ఆకులు పెంచుతుంది గానీ, తనను తాను కాపాడుకోవడానికి చేసుకునే ఘాటు, చేదు, వగరు పదార్థాలు అందులో తగ్గడం మామూలే. మనకి మందుగా పనికొచ్చేవి చాలావరకు అవే. చార్మినార్ పక్కన నిజామియా యునానీ దవాఖానా ముందు మూలికలు అమ్మేవాళ్లు కొండ మీద ఎండకి కాగిన వేరుకే ఎక్కువ ధర చెబితే, అది ఉట్టి బేరం మాట కాదు.

ఈ చిక్కు ముడిని హైదరాబాద్‌లోనే ఇంకొకరు ఇంకో దారిలో పట్టుకున్నారు. ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగంలో బి.విద్యావర్ధిని, ఎస్.సీతారామ్‌రావు బ్రాసినోస్టిరాయిడ్ల మీద పనిచేశారు. అవి మొక్కలు తమంతట తాము తయారుచేసుకునే హార్మోన్లు. అమెరికాలో తేనెటీగలు మోసుకొచ్చిన ఆవజాతి మొక్క పుప్పొడిని వందల కిలోలు వడగట్టి, అలాంటి హార్మోన్ ఒకదాన్ని కొన్ని మిల్లీగ్రాములు తీసి, 1979లో దాని నిర్మాణం తేల్చారు. అంత తక్కువ పరిమాణంలోనే పనిచేస్తాయి. ఉస్మానియా జంట వాటిని వేరుశనగ మీద వాడితే మొక్క ఎదుగుదలా, దిగుబడీ పెరిగాయి. ఆ ఫలితాలు 1998లో వచ్చాయి.

అసలు రుచి 2002 నాటి టమాటా ప్రయోగంలో ఉంది. టమాటా కండని బిళ్లలుగా కోసి ఆ హార్మోన్ పట్టించారు. పచ్చదనం తగ్గింది, ఎరుపునిచ్చే లైకోపీన్ పెరిగింది, తీపి పదార్థాలు పెరిగాయి, పండించే ఇథిలీన్ వాయువు ఎక్కువైంది. విటమిన్ సి మాత్రం తగ్గింది. వాళ్లు ఆ తగ్గుదలని కూడా దాచకుండా రాశారు. లైకోపీన్ పెరిగిందని మాత్రం చెప్పి ఊరుకుంటే ఎంత అందమైన ప్రకటన అయ్యేది! ఒక చోట చేయి వేస్తే ఇంకో చోట కదులుతుంది. జన్యువు ముట్టుకోకుండానే ఇంత కదలిక తేవచ్చు, నిజమే. ఆ కదలికకి ఖర్చు ఉండదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

నెనె పద్ధతి నాకు నచ్చేది ఇందుకే. సురపాలుడిని ఆయన దేవుడి గూట్లో పెట్టలేదు, అవతలకీ విసిరేయలేదు. ఖైరా పైరు మీద చేసిందే చేయమన్నాడు. వాడి చూడండి, పక్క మడిలో వాడకుండా చూడండి, తేడా కొలవండి. పాత గ్రంథం పేరు చెప్పగానే చేతులు జోడించేవాళ్లకీ, ముక్కు మూసుకునేవాళ్లకీ కూడా ఇది కాస్త ఇబ్బందికరమైన సలహాయే.

*

పాతబస్తీ నుంచి ఆరాంఘర్ చౌరస్తా దాటితే రాజేంద్రనగర్. అక్కడి భారత వరి పరిశోధన సంస్థ నుంచి 2016లో డీఆర్‌ఆర్ ధాన్ 45 అనే రకం వచ్చింది. జన్యుమార్పిడి లేదు, సంకరంతో చేసింది. పాలిష్ పట్టిన బియ్యంలో మామూలు రకాల్లో జింకు మిలియన్‌కి 12 నుంచి 16 వంతులుంటే, ఇందులో 22.6. పంత్‌నగర్‌లో పైరు బతకడానికి ఆకు మీద చల్లిన జింకు, ఇక్కడ తినేవాడి కోసం గింజలోకి చేరింది. గింజ పాలుపోసుకునే వేళ జింకు పిచికారీ చేసినా కొంత గింజలోకి దిగుతుంది. గోధుమలో బాగా, వరిలో కాస్త తక్కువగా. విత్తనం దారి, పిచికారీ దారి రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

నెనె 2018 జనవరిలో కన్నుమూశారు. మూడేళ్ల తరవాత, 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో కొత్తగా జీవ ఉత్ప్రేరకాలను (బయోస్టిమ్యులెంట్లను) చేర్చింది. సముద్రపు నాచు సారం, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు, విడగొట్టిన మాంసకృత్తులు... సీసాల్లో అమ్ముడవుతూ అప్పటిదాకా ఏ లెక్కలోకీ రానివి. ఇకమీదట వాటిలో ఏముందో చెప్పాలి, పొలంలో పనిచేస్తుందని చూపాలి, విషం కాదని తేల్చాలి. ఆ జాబితాలో విడగొట్టిన మాంసకృత్తులు చూసినప్పుడు సురపాలుడి కుండ గుర్తుకు రాక మానదు. ఆయన పక్షం రోజులు మాగబెట్టి చేసిందాన్ని ఇప్పుడు ఎంజైములతో గంటల్లో చేస్తున్నారు.

2025 సెప్టెంబరు చివర్లో ఇంకో మలుపు. జంతువుల చర్మం, ఈకలు, పొలుసుల వంటివాటి నుంచి తీసిన కొన్ని ఉత్ప్రేరకాలకి ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. మతం, ఆహార నియమాలకు సంబంధించిన అభ్యంతరాలు వచ్చాయి. పంది, చేప, పొట్టేలు ఏది దొరికితే అది వేయమన్న వెయ్యేళ్ల నాటి వైద్యుడికి ఈ పేచీ ఎదురైనట్టు గ్రంథంలో లేదు. నెనె బృందం శాకాహార రకం వైపు ముందే అడుగు వేసిందంటే, ఈ దేశంలో ఎరువుకి కూడా పథ్యం ఉంటుందని వాళ్లకి తెలిసే ఉంటుంది.

ఇంట్లో కుండ పెట్టుకుని మాగబెట్టుకునేవాళ్లని ఏ ఉత్తర్వూ ఆపదు. పక్కింటివాళ్లు ఆపుతారేమో, వాసనకి. దుకాణంలో అమ్మాలనుకునేవాడికి మాత్రం పెద్ద పనే ఉంది. కొలతల నియమం లేదని సురపాలుడు వదిలేసిన చోటే కూర్చుని, రక్తం ఎంత, చెక్క ఎంత, ఎన్నాళ్లు, ఏ వేడిలో, ఎన్ని లీటర్లకి ఎంత అని ఒక్కొక్కటే తేల్చి సీసా మీద రాయాలి.